ఎంగిలి దారం

సమన్లు తెచ్చిన కోర్టు బంట్రోతు కాగితం మీదున్న పేరు చదవలేదు. గుమ్మంలో నిలబడి, "సాక్షమ్మగారూ, ఈసారి పిలుపు మీకే వచ్చింది" అన్నాడు, పెళ్ళి కబురు తెచ్చినంత హుషారుగా.

ఆమె కీబోర్డు మీంచి చేతులు తీసింది. ప్లీడరుగారి ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా టైపు చేస్తున్న ఆమెకి ఆ పేరు కోర్టు వరండాలో ఎవరో పెట్టారు. అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఆమె టైపు చేసిన ప్రతి వీలునామా చివరి పేజీలో, ఎడమ పక్క అడుగున, సాక్షుల కోసం రెండు గీతలుంటాయి. మొదటి గీత మీద ఆమె సంతకం. రెండో గీత మీద గుమాస్తాది.

"ఇక్కడ సంతకం చెయ్యండి" అని బంట్రోతు కాగితం చాపాడు. తన మాటకి తనే నవ్వుకున్నాడు. "మీకు చెప్పాలా ఏమిటి? నిద్రలో లేపినా పెడతారు."

ఆమె పెట్టింది. నిజంగానే చెయ్యి దానంతటది వెళ్ళి, దానంతటది వెనక్కి వచ్చింది.

ఆ ఆఫీసు పద్ధతి అది. రాయించుకున్న మనిషి లోపలి గదిలో ప్లీడరుగారి ఎదుట సంతకం పెట్టి వెళ్ళిపోతాడు. సాయంత్రం తాళాలు తీసుకునే ముందు గుమాస్తా ఆనాటి కట్ట ఆమె బల్ల మీద పెట్టి, "రా తల్లీ, చూడనివి చూసే వేళయింది" అనేవాడు. ఇద్దరూ వరసగా పెట్టుకుంటూ పోయేవారు. అప్పుడు ఆమె మనసు బస్సు మీద ఉండేది. "రాసినవారు సంతకం చేయుచుండగా మేము చూచితిమి, మేము సంతకం చేయుచుండగా వారు చూచిరి" అన్న వాక్యం ఆమె టైపు చేసిందే. ఎన్నిసార్లు టైపు చేసిందంటే, దానికొక అర్థం ఉంటుందన్న సంగతే వేళ్ళు మర్చిపోయాయి.

సమన్లు కుట్టు టీచరమ్మ వీలునామా గురించి. టీచరమ్మ పోయి ఎనిమిది నెలలైంది. మేడ, వెనక వాటా తమ్ముడి కొడుకులిద్దరికీ రాసింది. వీధి వైపున్న కుట్టు గది, అందులోని మిషన్లు మాత్రం ముప్పై ఏళ్ళుగా తన దగ్గర కాజాలు కుట్టిన ఆవిడకి రాసింది. ఆ వీలునామా చెల్లదని ఆ మేనల్లుళ్ళిద్దరూ అడ్డం తిరిగారు. అది కొట్టుడుపోతే గది కూడా వాళ్ళదే అవుతుంది. నిలబడాలంటే సాక్షుల్లో ఒకరు వచ్చి, చూశామని చెప్పాలి. గుమాస్తా పోయిన ఏడాదే పోయాడు.

మిగిలింది ఆమె ఒక్కతే.

మర్నాడు ప్లీడరుగారు లోపలికి పిలిచి, "కూర్చోమ్మా" అన్నారు. ఆ గదిలో ఆయన ఆమెని కూర్చోమనడం అది రెండోసారి. మొదటిసారి ఉద్యోగానికి వచ్చిన రోజు.

ఎదురుగా ఇద్దరు మగవాళ్ళు. పెద్దవాడు వినయంగా ఒంగి, "నమస్తే అక్కా" అన్నాడు. చిన్నవాడు ఫోనులోంచి తలెత్తలేదు. ప్లీడరుగారు గుండుసూది తలని చెవిలో తిప్పుకుంటున్నారు. అది ఆయన ఆలోచించే విధానం.

"వీళ్ళు టీచరమ్మ మేనల్లుళ్ళు. గురువారం కోర్టులో నిన్ను ఒక్కటే అడుగుతారు. ఆవిడ సంతకం పెడుతుంటే చూశావా అని. చూశావా?"

ఆమె ఎదుటి ఇద్దరి వంకా చూసింది.

"అబద్ధం చెప్పమనట్లేదు తల్లీ. నిజం చెప్పమంటున్నాను. మన ఆఫీసులో ఏ వీలునామా అయినా నువ్వు సాయంత్రమేగా పెడతావు? అదే చెప్పు."

"అలా పెట్టమన్నది..."

"అది ఎవరూ అడగరు. నువ్వూ చెప్పక్కర్లేదు. పని హడావిడిలో ఒక్కసారి జరిగిన పొరపాటు, అంతే. జడ్జిగారూ మనిషే."

పెద్దవాడు ముందుకి జరిగాడు. "మా అత్తకి మతి సరిగ్గా ఉండేది కాదక్కా. ఆ కాజాల మనిషి పక్కన చేరి రాయించుకుంది."

"వీలునామా రాసింది ఆరేళ్ళ కిందట" అంది ఆమె. "అప్పుడావిడ షాపు నడుపుతోంది."

"మతి పోవడానికి ముహూర్తం ఉంటుందా ఏమిటి?"

చిన్నవాడు ఫోనులోకి చూస్తూనే నవ్వాడు. "వీధి వైపు గదక్కా అది. సార్ ఆఫీసు అక్కడికి మారితే కిటికీ పక్క సీటు నీకే. ఇక్కడ మరీ గోడలోకి చూస్తూ టైపు కొడుతున్నావు."

ప్లీడరుగారు చిన్నవాడి వంక ఒక చూపు చూసి, చెవిలోంచి తీసిన గుండుసూదితోనే నాలుగు కాగితాలు కలిపి గుచ్చి ఆమె ముందుకి తోశారు. "జిరాక్సు. ఓసారి చూసుకో. కోర్టులో తడబడకూడదు."

సూది తల దగ్గర పసుపుపచ్చగా ఏదో అంటుకుని ఉంది. ఆమె కాగితాల్ని ఆ మూల తగలకుండా పట్టుకుని లేచింది.

ఆమెకి ఆశ్చర్యం వేసింది. ఇరవై రెండేళ్ళ అబద్ధాలు ఒక్కరోజూ మురికి అనిపించలేదు. అవి పని. ఇవాళ నిజం చెప్పమంటే ఒళ్ళు జలదరించింది. ఎవరివో వెంట్రుకలు చుట్టుకున్న దువ్వెన చేతికిచ్చి, నున్నగా దువ్వుకోమన్నట్టుంది.

బల్ల దగ్గరికి వచ్చి చివరి పేజీ తీసింది. మొదట కంటపడింది తన సంతకమే. అది బాగోలేదు. మొదటి అక్షరం ఉబ్బి, అంచులు చెదిరి, నీళ్ళలో పడ్డ చీమలా ఉంది. సంతకం విషయంలో ఆమెకి చాదస్తం. పాళీ తుడవకుండా కాగితం ముట్టదు. దస్తావేజులకి సిరా పెన్నే వాడాలన్నది ప్లీడరుగారి నియమం. ఆ పెన్నుతో ఆమె పెట్టిన సంతకాలు అచ్చు వేసినట్టుంటాయి. ఇదెలా అలుక్కుపోయింది?

ఇంకొకటి కూడా ఉంది. ఎడమ అంచున పైనుంచి కింది దాకా చిన్న చిన్న చుక్కలు. గుమాస్తా ఎప్పుడూ పై మూల రంధ్రం కొట్టి ట్యాగు దూర్చేవాడు. ఇందులో రంధ్రం లేదు. జిరాక్సు మిషన్ మురికేమో అనుకుంది. ఆ గుండుసూదిని రుమాలుతో పట్టుకుని పీకి చెత్తబుట్టలో పడేసి, కాగితాలు సంచిలో పెట్టుకుంది.

ఇంటికి వెళ్ళి చేతులు కడుక్కుంది. తువ్వాలు అందుకుని, మళ్ళీ వెనక్కి వెళ్ళి కడుక్కుంది.

"చేతులు అరిగిపోతాయే" అంది అక్క, వంటింట్లోంచి. అక్కాచెల్లెళ్ళిద్దరే ఆ ఇంట్లో. "ఏమైంది ఇవాళ?"

"కోర్టులో నిజం చెప్పమన్నారు."

"చెప్పు. దానికింత సబ్బెందుకు?"

బుధవారం మధ్యాహ్నం భోజనం మానేసి ఆ వీధికి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో తనకే తెలియదు. ఎవరి గది పోబోతోందో ఆ మనిషిని ఒకసారి చూడాలనిపించింది. చూశాక సులువవుతుందని కాబోలు.

కుట్టు గది తలుపుకి కొత్త తాళం ఉంది. తాళం పైన అంటించిన కాగితంలో, టీచరమ్మ ఆసుపత్రిలో ఉండగా ఇచ్చిన పవరు పత్రం ప్రకారం ఈ గది తమ స్వాధీనంలో ఉందని మేనల్లుళ్ళు ప్రకటించారు. ఆ పవరు పత్రం టైపు చేసింది కూడా ఆమే. బిల్లులు కట్టడానికి, బ్యాంకు పని చూడటానికి రాసిచ్చింది అది. ఇచ్చిన మనిషి ఊపిరి ఆగిన క్షణాన అదీ ఆగిపోతుంది. ఆ తర్వాత అది ఉత్త కాగితం. ఆ ముక్క ఆఫీసులో ఊడ్చే మనిషికి కూడా తెలుసు. ప్లీడరుగారికి తెలియకుండా ఈ కాగితం ఈ తలుపెక్కలేదు.

తాళం కింద మెట్టు మీద అరవై దాటిన ఒకావిడ కూర్చుని చొక్కాకి కాజాలు కుడుతోంది. పక్కన సంచిలో ఇంకో పది చొక్కాలు.

"ఏం బట్ట?" అంది తలెత్తకుండా.

"బట్ట కాదండీ. ప్లీడరుగారి ఆఫీసు నుంచి. సాక్షిని."

కాజాలావిడ సూది చొక్కాలో గుచ్చి, పైకి కిందికి చూసింది. తర్వాత ఒక్కసారిగా ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ అరచెయ్యి చెమటతో జిగటగా ఉంది. వేలి చివర్లు సూదిపోట్లతో గరుకుగా ఉన్నాయి.

"చూశానని చెప్పమ్మా. చూశావో లేదో నాకనవసరం."

"అలా ఎలా చెప్తానండీ?"

"ఎలా ఏమిటి? నోటితో. అన్నీ అలాగే పెడతావటగా, చూడకుండా. వరండాలో అందరూ చెప్పుకుంటున్నారు. ఊరందరికీ పెట్టిన చెయ్యి, నా దగ్గరికొచ్చేసరికి నొప్పి పుట్టిందా?"

ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. న్యాయం ఉన్న మనిషి కాస్త పరిశుభ్రంగా ఉంటుందని తను ఎందుకనుకుందో! ఈవిడా అంతే. లోపలి గదిలో వాళ్ళకీ ఈ మెట్టు మీది మనిషికీ కావలసింది ఆమె నాలుకే. వాళ్ళకి ఒక వైపు తిరగాలి, ఈవిడకి ఇంకో వైపు.

"కోపమొచ్చిందా?" అంది కాజాలావిడ, గొంతు దించి. "రానీ. నా కళ్ళు మసకబారాయి, ఈ వయసులో ఇంకెవరి దగ్గర కుట్టను? ఈ గదిలో అయితే దీపం ఎక్కడుందో, కిటికీ ఎండ ఏ వేళకి ఎంత దూరం వస్తుందో చేతులకి తెలుసు. టీచరమ్మ అది చూసే రాసింది. జాలిపడి కాదు. జాలిపడే రకం కాదులే ఆవిడ. తన కంటి ముందు వెయ్యని కుట్టు కుట్టే కాదని ఊడదీయించేది, రాక్షసి."

మళ్ళీ చొక్కా అందుకుంది. చివరి కాజా చుట్టు తిప్పి, ముడి వేసి, కత్తెర కోసం వెతక్కుండా తల వంచి, దారాన్ని పళ్ళతో కొరికింది.

టక్.

తెల్లటి గుడ్డ మీద తడి మరక. పెదవికీ దారానికీ మధ్య సన్నటి తీగ సాగి తెగింది.

అసహ్యంతో ఆమె చెయ్యి రుమాలు కోసం వెళ్ళింది. సరిగ్గా ఇలాగే ఇంకోసారి వెళ్ళింది. ఎప్పుడు?

మధ్యాహ్నం అది. సాయంత్రం కాదు. ప్లీడరుగారు కోర్టులో ఉన్నారు. టీచరమ్మ లోపలి గదిలోకి వెళ్ళనే లేదు. "మీ ప్లీడరు లేకపోతేనేం, చూడాల్సింది మీరేగా" అంటూ టైపు బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. చదివింది, ప్రతి పేజీ అడుగున సంతకం పెట్టింది. పెడుతూ పెడుతూ ఆగి, "ఎటు చూస్తున్నావమ్మాయ్? ఇటు చూడు" అని కసిరింది. గుమాస్తా ట్యాగు తెస్తే తోసేసింది. "ఇది ఊడదీసి మధ్యలో కాగితం మార్చడం ఎంతసేపు?" సంచిలోంచి సూది తీసింది. నాలుగు కాగితాలూ కలిపి ఎడమ అంచున పైనుంచి కింది దాకా కుట్టింది. తను అంచు పట్టుకుంది, కదలకుండా. అడుగున ముడి వేసి, తల వంచి, కాగితం మీద మూతి పెట్టి కొరికింది. వీలునామా మీద ఎంగిలి! తను రుమాలుతో ఒత్తింది, కానీ తడి పోలేదు. "ఆరనిద్దామండీ" అన్నాడు గుమాస్తా. "ఆరేదాకా ఉంటే షాపులో నా కుట్టుపని ఎవరు చూస్తారు? పెట్టండి, నేను చూస్తున్నా." తను పెన్ను ఆనించగానే మొదటి అక్షరం సిరా పీల్చుకుని ఉబ్బింది. ఆ సాయంత్రం బస్సులోంచి ఆ రుమాలు బయటికి విసిరేసింది.

అవును, విసిరేసింది. నీలం అంచు రుమాలు.

లేక, తనకి అలా కావాలి కాబట్టి మనసు అల్లుతోందా? చూడనివి చూశానని ఇరవై రెండేళ్ళు రాసిన మనిషికి, నిజంగా చూసినది ఏదో ఎలా తెలియాలి? సంచిలోంచి జిరాక్సు తీసి కాజాలావిడ ముందు పెట్టింది. ఏమీ చెప్పలేదు. ఎడమ అంచు చూపించింది.

కాజాలావిడ కాగితం కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, చుక్కల మీద గోరు నడిపించింది. "రెండు దగ్గర, ఒకటి ఎడం. ఆవిడ చెయ్యే. లాగితే కాగితమైనా చిరుగుతుంది గానీ కుట్టు ఊడదు." కాసేపు గోరు అక్కడే ఉంచింది. "దేని మీద కుట్టిందిది?"

"రేపు వస్తాను" అంది ఆమె.

కోర్టు హాల్లో ఫ్యాను గాలికి ఫైళ్ళ అంచులు లేచి పడుతున్నాయి. ప్లీడరుగారు వెనక వరసలో కూర్చున్నారు, ఏ సంబంధమూ లేని మనిషిలా. కాజాలావిడ తరఫున వచ్చిన లాయరమ్మకి పెద్దగా ఆశ లేదని గొంతులోనే తెలుస్తోంది.

"టీచరమ్మగారు సంతకం చేస్తుండగా మీరు చూశారా?"

"చూశాను."

"మీరూ, రెండో సాక్షీ పెడుతుండగా ఆవిడ చూశారా?"

"చూశారు. అంతదాకా కుర్చీలోంచి లేవలేదు."

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. మేనల్లుళ్ళ వకీలు లేచాడు. ఆయనకి అంతా ముందే చెప్పి ఉంచారు. నింపాదిగా కోటు సర్దుకున్నాడు.

"మీ ఆఫీసులో సాక్షి సంతకాలు ఏ వేళప్పుడు పెడతారమ్మా?"

"సాయంత్రం, తాళం వేసే ముందు."

"అప్పటికి రాయించుకున్నవాళ్ళు ఉంటారా?"

"ఉండరు."

"అంటే వాళ్ళు సంతకం పెట్టడం మీరు చూడరు."

"చూడను."

వకీలు జడ్జిగారి వైపు తిరిగి చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే ఇటు తిరిగాడు. "మరి ఆరేళ్ళ కిందటిది, ఇదొక్కటి మాత్రం చూసినట్టు ఎలా గుర్తుంది మీకు?"

"అసహ్యం వేసింది కాబట్టి."

జడ్జిగారు రాస్తున్నది ఆపారు.

ఆమె చెప్పింది. కుట్టు గురించి, దారం కొరకడం గురించి, ఎంగిలి గురించి, రుమాలు గురించి. చెబుతూ మధ్యలో ఆగి, రుమాలుతో వేళ్ళు తుడుచుకుంది. "తడి మీద పెట్టాను కాబట్టి నా సంతకం మొదటి అక్షరం చెదిరింది. ఆవిడ వెళ్ళాక సాయంత్రం పెట్టి ఉంటే ఆరిపోయేది. చెదిరేది కాదు. నావి చెదరవు."

జడ్జిగారు అసలు వీలునామా తీయించారు. ఎడమ అంచున నల్ల దారం, రెండు దగ్గర, ఒకటి ఎడం. చివరి పేజీ కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నారు. ముడి దగ్గర కాగితం గుండ్రంగా, కాస్త ముడతపడి ఉంది. ఉబ్బిన అక్షరం సగం ఆ గుండ్రం లోపల ఉంది, సగం బయట ఉంది. బయట ఉన్న సగం గీత గీసినట్టు శుభ్రంగా ఉంది.

"మొత్తం ఎన్ని వీలునామాలకి సాక్షి సంతకం పెట్టి ఉంటారు మీరు?" జడ్జిగారే అడిగారు.

"నాలుగు వందల పైచిలుకు ఉంటాయండీ."

"మిగతావాటిలో ఎన్ని చూశారు?"

ఆమె వెనక వరస వైపు చూసింది. ప్లీడరుగారు తల అడ్డంగా ఊపుతున్నారు, పసిపిల్లని అల్లరి మానమన్నట్టు, ముద్దుగా. ఆ ఊపు చూసేసరికి మాట సులువుగా వచ్చింది.

"ఒక్కటీ చూడలేదు. మా ఆఫీసు పద్ధతి అది. పెట్టింది మాత్రం నా చెయ్యే."

కోర్టులో వాంగ్మూలం టైపు చేస్తున్న అమ్మాయి ఆగి, "ఏమని ఎక్కించమంటారు సార్?" అంది.

"చెప్పింది చెప్పినట్టు" అన్నారు జడ్జిగారు. తర్వాత మేనల్లుళ్ళ వకీలు వైపు తిరిగారు. "ఆ గదికి తాళం ఏ అధికారంతో వేశారు?"

"పవరు పత్రం ఉందండీ..."

"ఇచ్చినావిడ ఉన్నారా?"

వకీలు కాగితాలు సర్దుకున్నాడు.

"తీర్పు తర్వాత. తాళం సాయంత్రంలోగా తీయించండి."

ప్లీడరుగారి కుర్చీ ఖాళీగా ఉంది. ఎప్పుడు లేచారో చప్పుడు కాలేదు.

వరండాలో కాజాలావిడ ఎదురొచ్చి, రెండు బుగ్గలూ అందుకుని, నుదుటి మీద తడిగా ముద్దు పెట్టింది. "చూశావుటగా! నిన్న ఆ ముక్క చెప్పుంటే నేనన్ని మాటలు అనేదాన్ని కాదుగా, మొండిదానా!" అని, తాళం తీసేవాళ్ళు తను లేకుండా వస్తారేమోనని గబగబా వెళ్ళిపోయింది.

ఆమె రుమాలు తీసింది. నుదుటి దాకా తీసుకెళ్ళి, తుడవకుండా ఆగిపోయింది.

"సాక్షమ్మగారు మీరేనాండీ?"

ముందొక నడివయసు మనిషి. బట్టల దుకాణం సంచిలోంచి, ప్లాస్టిక్ కవరులోంచి, జాగ్రత్తగా మడతలు విప్పుతూ కాగితం తీశాడు. "బంట్రోతు చెప్పాడండీ. మీ సాక్ష్యంతో ఒకావిడ గది నిలబడిందట. ఇది మా నాన్నది. మంచాన పడితే పదకొండేళ్ళు నేనే చూశాను. మా తమ్ముడు ఇప్పుడు చెల్లదంటున్నాడు. మీ ఆఫీసులోదే. ఇదిగో, ఇది మీ సంతకమేగా?"

"నాదే."

"అమ్మయ్య." అతని మొహం విప్పారింది. అతని వెనక ఇంకెవరో చంకలో కవరుతో, తన వంతు కోసం ఆగారు. "నాన్న పెడుతున్నప్పుడు చూసే ఉంటారుగా మీరు?"

ఆమె కాగితం వెలుగులోకి తిప్పింది. అక్షరాలు అచ్చు వేసినట్టున్నాయి. ఎక్కడా చిన్న మరక లేదు. ఎక్కడా తడి లేదు.